వేరు వేరే, వెలి వేరే



పోయిన భాగాల్లో పల్లె గురించి, చదువుల గురించి, ఉద్యోగాల గురించి రాశాను. ఈసారి ఇంట్లోకి వస్తున్నాను. మాది కథోలిక ఇల్లు. మాదిగ ఇల్లు. ఆటిజం ఉన్న పిల్లాడు పెరుగుతున్న ఇల్లు. ఈ మూడూ ఒకే గడప లోపల ఎట్లా కలిసి ఉంటాయో చెప్పాలంటే నాకు ఒక్క మాట చాలు. ఆ మాట 'వేరు'.

ఈ మాటతో మనకున్న లెక్క పాతది. వేరు పల్లె, వేరు బావి, హోటల్లో వేరు గ్లాసు, చచ్చాక వేరు శ్మశానం. ఆఖరికి దేవుణ్ణి మార్చుకున్నా ఇది వదల్లేదు. తమిళనాడులో తిరుచిరాపల్లి మేలపుదూరు కథోలిక సమాధుల తోటలో దళితుల సమాధులకీ మిగతావాళ్ల సమాధులకీ మధ్య గోడ ఉండేదన్న సంగతి మీలో చాలామందికి తెలుసు. బామా 1992లో 'కరుక్కు' రాసింది కూడా గుడి లోపలి, మఠం లోపలి ఈ వేరుతనం గురించే. 1927 మార్చిలో బాబాసాహెబ్ మహద్ వెళ్లినప్పుడు మాకు ఇంకో చెరువు తవ్వించండని అడగలేదు. అందరూ తాగే చెరువులోనే దోసిలి ముంచాడు. అందుకే 'మీకు వేరుగా ఏర్పాటు చేశాం' అనే మాట ఎంత మర్యాదగా చెప్పినా మన ఒళ్లు బిగుసుకుంటుంది. బిగుసుకోవాలి కూడా.

అట్లాంటి ఇంట్లో పుట్టి పెరిగిన నేను, నా కొడుక్కి వేరుగా ఒక చోటు కావాలని అడుగుతున్నాను. బడిలో అడిగాను, గుడిలో అడిగాను, ఇప్పుడు మన సభల్లో అడుగుతున్నాను. దీని మీద మా ఇంట్లోనే పెద్ద వాదన నడిచింది. ఆ వాదన మీ ముందు పెడుతున్నాను.

మావాడికి తొమ్మిదేళ్లు. పేరు రాయను, ఫోటో పెట్టను. నీ గురించి రాయనా అని వాణ్ణి అడిగి వాడి జవాబు తెలుసుకునే దారి నాకింకా దొరకలేదు. చిన్నోడు అంటాను. చిన్నోడికి పది పదిహేను మాటలున్నాయి. అవి కూడా రోజూ రావు. కావలసినవి బొమ్మల కార్డులు చూపించి అడుగుతాడు. కుక్కర్ విజిల్‌కి, మిక్సీకి, స్పీకరుకి చెవులు మూసుకుంటాడు. సంతోషం వస్తే చేతులు రెక్కల్లా ఆడిస్తాడు. వాడికి ఏ అద్భుత శక్తీ లేదు. సినిమాల్లో చూపించే లెక్కల మేధావి కాదు. ఏడుపు వచ్చిందంటే గంటసేపు ఆపడం ఎవరి తరమూ కాదు. ఆ గంట గడిచాక వచ్చి నా భుజం మీద గడ్డం ఆనించి నిలబడతాడు.

వాడు ఒక నీలం ప్లాస్టిక్ కప్పులో తప్ప దేంట్లోనూ నీళ్లు తాగడు. స్టీలు గ్లాసు పళ్లకి తగిలితే విలవిల్లాడతాడు. అందుకని మేం ఎక్కడికి వెళ్లినా సంచీలో ఆ కప్పు ఉండాల్సిందే. మొదటిసారి ఒక బంధువుల పెళ్లికి దాన్ని తీసుకుని బయల్దేరినప్పుడు మా అత్తమ్మ గుమ్మంలోనే కూలబడింది. "ఊరి హోటలోడు మాకు చూరులో వేరే గ్లాసు పెట్టేవాడమ్మా. తాగి, కడిగి, మళ్లీ అక్కడే బోర్లించి రావాలి. ఇప్పుడు మన గ్లాసు మనమే చంకలో పెట్టుకుని తిరగాలా?" అంది. నేను చదివిన పీహెచ్‌డీలో ఆమెకి చెప్పడానికి ఒక్క వాక్యం దొరకలేదు. చిన్నోడు మాత్రం ఆ కప్పు తీసి, కుండ దగ్గరికి వెళ్లి, నీళ్లు ముంచుకుని తాగి, మళ్లీ సంచీలో పెట్టాడు. వాడికది అవమానం కాదు. ఆ కప్పుంటే వాడు ఏ ఊరైనా వస్తాడు, ఏ ఇంట్లోనైనా నీళ్లు తాగుతాడు. అది లేకపోతే దాహంతో ఏడుస్తాడు. రెండు వేరు గ్లాసులు. ఒకటి మనిషిని లోపలికి రానివ్వకుండా ఆపింది. ఇంకొకటి మనిషిని లోపలికి తీసుకొస్తోంది. అత్తమ్మకి ఇది నేను చెప్పలేదు. వారం తర్వాత ఆమే ఆ కప్పుకి ఒక గుడ్డసంచీ కుట్టింది.

మా ఇంట్లో రాత్రి ఏడున్నరకి జపమాల. కరెంటు ఉన్నా లేకపోయినా, చుట్టాలొచ్చినా రాకపోయినా. అత్తమ్మ ముందు చెబుతుంది, మేం అందుకుంటాం. చిన్నోడికి మూడేళ్లప్పుడు డాక్టర్లు ఆటిజం అని చెప్పినాయన, వాడి ప్రవర్తన రాసిన కాగితంలో 'అదే మాట, అదే పని పదే పదే చేస్తాడు' అని ఒక లోపంగా రాశారు. అత్తమ్మకి అది చదివి వినిపిస్తే ఒక్క క్షణం ఆలోచించి అడిగింది: "మంగళవార్త జపం నేను రోజుకి 53 సార్లు చెబుతా గదమ్మా, మరి నాకేం జబ్బు?" ఆమె హాస్యానికి అనలేదు. నిజంగానే అడిగింది. ఆరోజు నుంచి మా ఇంట్లో ఆ లక్షణానికి భయపడటం తగ్గింది. జపమాల వేళకి చిన్నోడు వచ్చి ఆమె పక్కనే కూర్చుంటాడు. పూసలు ఒక్కొక్కటే జరుపుతాడు. ఒక్క పూస దాటేస్తే ఆమె చెయ్యి పట్టుకుని వెనక్కి జరుపుతాడు.

కథోలిక పూజలో కూడా వాడికి నచ్చేది అదే. ఏ వారమైనా ఒకటే వరస. ఎప్పుడు నిలబడాలో, ఎప్పుడు మోకరించాలో, ఎప్పుడు గంట మోగుతుందో ముందే తెలుసు. వాణ్ణి గుడి నుంచి బయటికి తరిమేది వరస కాదు, చప్పుడు. నాలుగు పెద్ద స్పీకర్లు, కీబోర్డు, డ్రమ్ములు, కొత్త పాటల పోటీ. ఇంత చప్పుడు మా నాయనమ్మల కాలపు గుళ్లలో లేదు.

ఇక జాలి. మా వాళ్లలో జాలికి కొదవ లేదు. ప్రతి ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా గుణదల మరియమాత ఉత్సవాలు. కొండకి లక్షల మంది వస్తారు. తలనీలాలిస్తారు, కొబ్బరికాయలు కొడతారు, కొవ్వొత్తులు వెలిగిస్తారు. 11వ తేదీ లూర్దుమాత పండుగ. రెండో జాన్ పాల్ పాపు 1992లో అదే రోజుని ప్రపంచ రోగుల దినంగా ప్రకటించాడు. వాడికి మాట వస్తే నడిచి కొండకి వస్తానని అత్తమ్మ మొక్కుకుంది. మొక్కులంటే నాకు కోపం లేదు. డబ్బూ పలుకుబడీ లేనివాళ్లు చేతనైన పని చేస్తారు. కానీ ఒక ప్రార్థన కూటంలో మైకు పట్టుకున్నాయన నా తల మీద చెయ్యి పెట్టి, పశ్చాత్తాపపడమన్నాడు. ఏ పాపానికో చెప్పలేదు. మా బజారులో ఒకామె మాత్రం పేరు పెట్టి చెప్పింది: కడుపుతో ఉన్నప్పుడు రాత్రిళ్లు మేలుకుని పుస్తకాలు చదివాను గదా, అందుకని.

ఈ నింద మన బజారులోనే పుట్టింది కాదు. ఆటిజాన్ని 1943లో లియో కానర్ వర్ణించాడు. ఆ తర్వాత రెండు దశాబ్దాల పాటు చదువుకున్న వైద్యులే తల్లుల ప్రేమ చల్లగా ఉండటం వల్ల పిల్లలిట్లా అవుతారని చెప్పుకొచ్చారు. ఎక్కువగా నిందపడిందీ చదువుకున్న తల్లుల మీదే. 1964లో బెర్నార్డ్ రిమ్లాండ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, తనూ ఆటిజం ఉన్న కొడుకు తండ్రే, ఆ వాదాన్ని పుస్తకం రాసి ఖండించాడు. మెదడు ఎదిగే తీరులో పుట్టుకతో ఉండే తేడా ఇది. తల్లి చదువు వల్ల రాదు, తల్లి పాపం వల్ల రాదు. కథోలికులకైతే ఇంకా దగ్గరి జవాబుంది. యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయం తెరవండి. పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు అడిగింది ఇదే ప్రశ్న, పాపం వీడిదా, వీడి తల్లిదండ్రులదా అని. యేసు రెండూ కాదన్నాడు. ఆ కూటంలో మైకు పట్టుకున్నాయన ఆ అధ్యాయం చదివే ఉంటాడు.

బడి సంగతి. మా నాన్న మిషన్ బడిలో చదివి టీచరయ్యాడు. ఆ బడులే లేకపోతే మా పల్లెలో మొదటి తరం చదువే లేదు. ఆ రుణం నేను కాదనను. ఆ నమ్మకంతోనే మేం ఉంటున్న పట్నంలో ఒక మిషన్ బడికి చిన్నోణ్ణి తీసుకెళ్లాం. హెచ్‌ఎం సిస్టర్ గారు కుర్చీ వేసి కూర్చోబెట్టారు, వాడికి చాక్లెట్ ఇచ్చారు. "మాకేం అభ్యంతరం లేదమ్మా. మిగతా పిల్లల తల్లిదండ్రులు ఒప్పుకోరు" అన్నారు. ఈ వాక్యం నాకు కొత్త కాదు. ఇదే పట్నంలో అద్దె ఇంటి కోసం తిరిగినప్పుడు నాలుగుసార్లు విన్నాను. మాకేం పట్టింపు లేదండీ, పక్కవాటా వాళ్లు ఒప్పుకోరు.

యాక్టివిస్టులు తెలుసుకోవాల్సిన మాట ఒకటి ఇక్కడ చెప్పాలి. విద్యాహక్కు చట్టం మైనారిటీ విద్యాసంస్థలకి వర్తించదని 2014లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. కాబట్టి ఆ చట్టం పట్టుకుని మిషన్ బడిని అడగలేం. కానీ 2016 వికలాంగుల హక్కుల చట్టం సెక్షన్ 16 ఉంది. ప్రభుత్వ నిధులతో గానీ, ప్రభుత్వ గుర్తింపుతో గానీ నడిచే విద్యాసంస్థలు వివక్ష లేకుండా వికలాంగ పిల్లల్ని చేర్చుకుని కలిపి చదివించాలని అది చెబుతుంది. గుర్తింపు ఉన్న ప్రతి బడిలోనూ ఈ చట్టం పేరెత్తవచ్చు. 1995 నాటి పాత చట్టంలో ఉన్నవి ఏడు వైకల్యాలే, అందులో ఆటిజం లేదు. కొత్త చట్టంలో 21 ఉన్నాయి, ఆటిజం ఉంది.

చిన్నోడు ఇప్పుడు మా వీధి చివర ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో చదువుతున్నాడు. అక్కడి టీచరమ్మ ఏ పెద్ద శిక్షణా తీసుకోలేదు. వాడి బెంచీ తలుపు పక్కన వేసింది. తరగతిలో గోల ఎక్కువైతే లేచి బయటికెళ్లి వేపచెట్టు కింద కూర్చోవచ్చని వాడికీ చెప్పింది, మిగతా పిల్లలకీ చెప్పింది. మొదట్లో రోజుకి ఆరేడుసార్లు వెళ్లేవాడు. ఇప్పుడు ఒకటి రెండుసార్లు వెళ్తాడు, పది నిమిషాల్లో తనే వచ్చేస్తాడు. వారానికి రెండురోజులు భవిత కేంద్రానికి తీసుకెళ్తాం. వాడి బెంచీ వేరే. కానీ ఆ తలుపు ఎప్పుడూ మూసి ఉండదు.

కాగితాల గురించి రెండు మాటలు. నా కుల ధ్రువపత్రంలో బీసీ-సి అని ఉంటుంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ అంటే హిందువే. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుల్ని, ముస్లింల్ని ఇప్పటికీ చేర్చలేదు. దళిత క్రైస్తవులకి ఎస్సీ హోదా ఇవ్వాలని 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ తీర్మానం చేసి కేంద్రానికి పంపింది. అంతవరకే. జ్ఞానస్నానం పొందాక కులం కడుక్కుపోతుందని రాజ్యం నమ్ముతోంది. గుడిలో బల్లలూ పెళ్లి సంబంధాలూ మాత్రం ఆ మాట నమ్మడంలేదు. చిన్నోడికి నా బీసీ-సి కాక ఇంకో కాగితం ఉంది, సదరం క్యాంపులో ఇచ్చింది. ఆటిజం తీవ్రత కొలవడానికి మన దేశంలో వాడే ప్రమాణంలో 40 అంశాలుంటాయి, ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు మార్కులు. ఎదుటివాళ్ల కళ్లలోకి చూస్తాడా, ఒంటరిగా ఉంటాడా, మాటలు తిప్పి చెబుతాడా. ఈ లెక్కలన్నీ కూడి వచ్చిన వైకల్యం కనీసం 40 శాతం ఉంటేనే చాలా హక్కులకి అర్హత.

ఈ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూసినప్పుడే నాకు ఒక సంగతి గట్టిగా తోచింది. రిజర్వేషన్ కూడా వేరే ఏర్పాటే కదా. మనల్ని వేరుగా గుర్తించండి అని మనమే పోరాడి తెచ్చుకున్నదే కదా.

ఈ తోచిన సంగతి అసలు పరీక్షకి నిలబడింది గుడిలో.

చిన్నోడి ఈడు పిల్లలు మొదటి దివ్యసత్ప్రసాదం తీసుకునే సంవత్సరం వచ్చింది. 1910లో పదో భక్తినాథ పాపు ఆ వయసుని దాదాపు ఏడేళ్లకి దించాడు. పిల్లలకి వేదాంతం అంతా రానక్కర్లేదు, మామూలు రొట్టెకీ ఈ అప్పానికీ తేడా తెలిస్తే చాలన్నాడు. మా ఉపదేశి గారు మంచి మనిషి. సత్యోపదేశం తరగతిలో చిన్నోణ్ణి కూడా కూర్చోబెట్టుకున్నాడు. పరీక్షనాడు అందర్నీ అడిగినట్లే వాణ్ణీ అడిగాడు. చిన్నోడు పలకలేదు. వచ్చే ఏడు చూద్దామన్నారు. వచ్చే ఏడూ అదే జరిగింది. "వాడికి అర్థం కావాలి గదమ్మా" అన్నాడు ఉపదేశి గారు.

అర్థం కావాలి. ఈ మాట మన చరిత్రలో ఎవరెవరు ఎవరి గురించి అన్నారో ఒకసారి గుర్తుచేసుకోండి. మన తాతలు గుంపులు గుంపులుగా జ్ఞానస్నానం తీసుకున్నప్పుడు అక్షరం రాని వీళ్లకేం అర్థమైందని, కూటి కోసం మతం మారారని వెక్కిరించారు. 1936లో జాన్ మాట్ అనే క్రైస్తవ నాయకుడితో మాట్లాడుతూ గాంధీ, మీరు ఆవుకి సువార్త బోధిస్తారా అని అడిగి, అర్థం చేసుకునే విషయంలో అంటరానివాళ్లలో కొందరు అంతకన్నా తక్కువేనన్నాడు. 'వీళ్లకి అర్థం కాదు' అనేది మనల్ని గడప బయట నిలబెట్టడానికి వాడిన పాత గొళ్లెం. అదే గొళ్లెం ఇప్పుడు మన చేతుల్లోంచి మన పిల్లల మీద పడుతోంది.

తిరుసభ చదువులో దీనికి జవాబుంది. 2007లో పదహారో బెనెడిక్ట్ పాపు, మానసిక వైకల్యం ఉన్నవాళ్లకి కూడా వీలైనంతవరకు దివ్యసత్ప్రసాదం ఇవ్వాలని రాశాడు. వాళ్లు కుటుంబం విశ్వాసంలో, సంఘం విశ్వాసంలో దాన్ని స్వీకరిస్తారన్నాడు. తేడా తెలిసిందని నోటితోనే చెప్పనక్కర్లేదు, నడవడి ద్వారా, సైగ ద్వారా, భక్తితో కూడిన మౌనం ద్వారా తెలిసినా చాలని అమెరికా కథోలిక మేత్రాణుల మార్గదర్శకాలు చెబుతాయి. ఇవన్నీ తెలుగులో రాసి మా విచారణ గురువుగారికి ఇచ్చాను. రొట్టెల మధ్య తేడా సంగతంటారా, అదే కంపెనీ బిస్కెట్‌ని వేరే ప్యాకెట్లో పెట్టి ఇస్తే ముట్టని పిల్లాడు వాడు. పూజలో అప్పాన్ని పైకెత్తి గంట కొట్టినప్పుడు ఎప్పుడూ ఆగని వాడి చేతులు ఆగుతాయి. నాయనమ్మ ప్రసాదం తీసుకుని వచ్చి మోకరిస్తే వంగి ఆమె మూసిన పెదవుల్ని వేలితో తాకుతాడు. వాడికేం అర్థమైందో నేను చెప్పలేను. ఏమీ అర్థం కాలేదని ఎవరైనా ఎట్లా చెప్పగలరు?

గురువుగారు చదివి, మూడో రోజు పిలిపించారు. ఒప్పుకున్నారు. అయితే ఆదివారం అందరి పిల్లలతో కాకుండా, గుడిలో ఎవరూ లేనప్పుడు వచ్చి తీసుకోమన్నారు. "వాడికీ ఇబ్బంది ఉండదు, జనానికీ ఇబ్బంది ఉండదు టీచర్ గారూ" అన్నారు.

మావాడి నాన్న ఆర్టీసీలో కండక్టరు. మామూలుగా గొంతు పెంచని మనిషి. ఆ రాత్రి పెంచాడు. వాళ్ల సొంత ఊరి గుడిలో పెద్దకులాల కథోలికులు తిన్నాక మిగిలిన వరసలో వాళ్ల నాయనమ్మ ప్రసాదం తీసుకునేదట. ముందు వాళ్లు, తర్వాత వీళ్లు. వాళ్లకి బల్లలు, వీళ్లకి నేల. "మా నాయనమ్మని వెనక నిలబెట్టారు. నా కొడుకుని దొంగచాటుగా రమ్మంటున్నారు. ఇస్తే ఆదివారం అందరితో ఇవ్వాలి, లేకపోతే మాకొద్దు" అన్నాడు.

అతని కోపంలో ప్రతి అక్షరం నిజం. కానీ ఆదివారం ఆ స్పీకర్ల మధ్య, మూడొందల మంది మధ్య నిలబెడితే చిన్నోడు ప్రసాదం తీసుకోలేడు. చెవులు మూసుకుని నేల మీద పడిపోతాడు. అప్పుడు మేం గెలుస్తాం, వాడు ఓడిపోతాడు. రెండు రాత్రులు దీని మీదే మాట్లాడుకున్నాం. అప్పుడు నేను మళ్లీ బాబాసాహెబ్ దగ్గరికే వెళ్లాను. 1927లో అదే చెరువు కావాలన్న మనిషి, రౌండ్ టేబుల్ సమావేశాల్లో అంటరానివాళ్లకి ప్రత్యేక నియోజకవర్గాలు కావాలన్నాడు. 1932 సెప్టెంబరులో గాంధీ నిరాహారదీక్ష పట్టి దాన్ని పూనా ఒప్పందంగా మార్పించాడు. ఒకే మనిషి ఒకచోట 'అదే' కావాలన్నాడు, ఇంకోచోట 'వేరు' కావాలన్నాడు. రెండుచోట్లా ఆయన చూసింది ఒక్కటే: దీనివల్ల నా జనం లోపలికి వస్తారా, బయటికి పోతారా?

మార్కు సువార్త ఏడో అధ్యాయంలో కూడా ఒక సంగతుంది. మాట సరిగా రాని చెవిటివాణ్ణి తీసుకొస్తే యేసు అతన్ని జనం నుంచి పక్కకి తీసుకెళ్లాడు. గోలలో పెట్టి ప్రదర్శించలేదు. అదీ వేరుగా తీసుకెళ్లడమే. కుష్ఠురోగుల్ని ఊరి బయట దూరంగా నిలబెట్టిందీ వేరుగా ఉంచడమే. ఒకటి ఆ మనిషి కోసం, ఇంకొకటి మిగతావాళ్ల కోసం. గురువుగారి మాటలో ఈ రెండూ కలిసిపోయి ఉన్నాయి. వాడికి ఇబ్బంది ఉండకూడదన్న సగం మాకు కావాలి. జనానికి ఇబ్బంది అన్న సగం మాకొద్దు.

మావాడి నాన్నా నేనూ కలిసి మూడు మాటలు కాగితం మీద రాసుకుని వెళ్లాం. ఒకటి, ఖాళీ గుడిలో కాకుండా వారం మధ్యలో ఉదయం ఆరింటి మామూలు పూజలో ఇవ్వాలి. ఆ పూజకి స్పీకర్లుండవు, వచ్చే పదిమందీ వస్తారు. రెండు, ఆదివారం మిగతా పిల్లల పేర్లు చదివినప్పుడు వాడి పేరు కూడా అదే జాబితాలో, అక్షర క్రమంలో చదవాలి. మూడు, ఆ తర్వాత ఏ ఆదివారమైనా వాడు రాగలిగితే అదే వరసలో వచ్చి తీసుకుంటాడు, ఎవరూ పక్కకి జరగమనకూడదు. గురువుగారు కాగితం రెండుసార్లు చదివారు. "మూడోది నేను ముందే చెప్పాల్సింది" అని సంతకం పెట్టారు.

సిస్టర్ గార్లు అభిషేకించని అప్పాలు కొన్ని ఇచ్చారు. మూడు నెలలు పట్టింది. మొదట బల్ల మీద పెట్టి చూడటం, తర్వాత వేలితో తాకడం, తర్వాత పెదవికి ఆనించడం, తర్వాత చిన్న ముక్క. పెద్దవాళ్లకి లెక్కే కాని పొడి రుచి వాడికి పెద్ద సాహసం. మే నెలలో ఒక బుధవారం ఉదయం వాడు దాన్ని నోట్లో పెట్టుకుని, ముఖం చిట్లించి, మింగాడు. కార్డు చూపించి కప్పు అడిగాడు. నీళ్లు తాగి నాయనమ్మ పక్కన కూర్చుని పూసలు జరపడం మొదలుపెట్టాడు. అంతే. ఆకాశం తెరుచుకోలేదు, మాట రాలేదు. గుమ్మం దగ్గర ఒక పెద్దాయన "వాడికి ఏం అర్థమైందంటావు?" అని అత్తమ్మని అడిగాడు. "అరవై ఏళ్లుగా తింటున్నా, నాకేం అర్థమైందయ్యా? పిలిచాడు, వెళ్తున్నా" అంది.

ఆ ఫిబ్రవరిలో ఆమె మొక్కు మార్చుకుంది. మాట రావాలని ఇప్పుడు అడగడంలేదు. మేం పోయాక వాణ్ణి చూసుకునే మనుషులు ఉండాలని అడుగుతోంది. ఆ మొక్కు మరియమాతకి ఒక్కదానికే చేరితే చాలదు. అందుకే మీకు రాస్తున్నాను.

మన ఉద్యమం గొంతు మీద నిలబడ్డ ఉద్యమం. నోరు నొక్కేసిన జాతి నోరు తెరవడమే మన తిరుగుబాటు. కానీ నోటి మాట లేని మన పిల్లలు ఈ లెక్కలో ఎక్కడుంటారు? జాషువా 1941లో 'గబ్బిలం' రాసినప్పుడు, గుడి గడప తొక్కనివ్వని మనిషి తన కష్టం శివుడికి చెప్పుకోడానికి చిలకనో హంసనో ఎంచుకోలేదు. అందరూ అపశకునమనే గబ్బిలాన్ని ఎంచుకున్నాడు. కులం వల్ల వెలిపడ్డవాడు, లోకం వెలివేసిన ప్రాణిని తన మనిషిగా చేసుకున్నాడు. నేను ఆ పాఠం చెప్పిన ప్రతిసారీ చిన్నోడు గుర్తొస్తాడు. మన ఉపన్యాసాల్లో 'చెవిటి ప్రభుత్వం', 'గుడ్డి సమాజం', 'పిచ్చి చట్టాలు' వినిపించినప్పుడూ గుర్తొస్తాడు. ప్రభుత్వం చెవిటిది కాదు. దానికి బాగా వినపడుతుంది. విని పట్టించుకోదు. ఉన్నమాట ఉన్నట్టు తిడదాం.

ఏప్రిల్ 14 సభలు పెట్టేవాళ్లని నేను అడిగేది చిన్నది. స్పీకర్లకి దూరంగా ఒక చిన్న షామియానా, నాలుగు చాపలు, ఒక నీళ్ల క్యాను. వేదిక కనిపించాలి. ఎప్పుడు కావాలంటే అప్పుడు లోపలికీ బయటికీ తిరిగేలా ఉండాలి. అక్కడ కూర్చున్నవాళ్లని 'అయ్యో పాపం' అని చూడకుండా, సభలో ఒక వరసగానే లెక్కపెట్టాలి. ఎవరైనా 'దళితుల సభలో కూడా వేరుగా కూర్చోబెట్టడమేంటి' అని అడిగితే, ఎవరు అడిగితే వేశామో, తలుపు ఎటువైపు తెరుచుకుంటుందో చెప్పండి. మన పల్లెల్లో ఇట్లాంటి పిల్లలున్న ఇళ్లు మీకు తెలుసు. ఆ తల్లులు సభలకి ఎందుకు రావడంలేదో కూడా ఇప్పుడు తెలుసు.

వచ్చే భాగంలో సదరం సర్టిఫికెట్ తీసుకునే విధానం, నేషనల్ ట్రస్ట్ వారి లక్ష రూపాయల నిరామయ ఆరోగ్య బీమా, 18 ఏళ్లు నిండాక సంరక్షకుల నియామకం గురించి వివరంగా రాస్తాను. 1999 నాటి ఆ చట్టంలో ఆటిజం మొదటినుంచీ ఉంది. మన పల్లెల దాకా మాత్రం ఆ సంగతి రాలేదు. ఆ పని మనం చేద్దాం.

జై భీమ్.